పదో తరగతి ఫలితం నిరాశపరిచినప్పుడు: సప్లిమెంటరీ దాకా చేయవలసిన పనులు

2025 ఏప్రిల్ 23న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వెలువడినప్పుడు, పరీక్ష రాసిన 6,14,459 మంది రెగ్యులర్ విద్యార్థులలో 4,98,585 మంది ఉత్తీర్ణులయ్యారని, అది 81.14 శాతమని ప్రకటించారు. ఆ రెండు సంఖ్యలకూ మధ్య ఉన్న తేడా లక్షా పదిహేను వేలు దాటుతుంది. ఆ పిల్లలలో ప్రతి ఒక్కరూ ఆ రోజు ఏదో ఒక ఇంట్లో, సెల్‌ఫోన్ తెర ముందు, తమ హాల్ టికెట్ నంబరు కొట్టి, ఎదురుగా కనిపించిన అక్షరాలను మళ్లీ మళ్లీ చూసుకున్నవారే. ఈ వ్యాసం వారి వంటివారి కోసం, ఉత్తీర్ణులైనా ఆశించిన మార్కులు రాక కుంగిపోయినవారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

ఆ ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు, అంటే తప్పిన సబ్జెక్టులను మళ్లీ రాసే పరీక్షలు, మే 19న మొదలయ్యాయి. అంటే ఫలితానికీ పరీక్షకూ మధ్య ఉన్న వ్యవధి 26 రోజులు. తెలంగాణలో అదే ఏడాది ఏప్రిల్ 30న ఫలితాలు, జూన్ 3 నుంచి సప్లిమెంటరీ పరీక్షలు జరిగాయి కనుక అక్కడి పిల్లలకు మరికొన్ని రోజులు ఎక్కువ దొరికాయి. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పిన విద్యార్థికి ఈ వ్యవధి సరిపోతుంది. అయితే అందులో మొదటి వారాన్ని ఏడుపుతోనూ, రెండో వారాన్ని ఎవరిది తప్పు అన్న వాదనతోనూ గడిపితే సరిపోదు. మార్కుల మెమో ఎన్ని మార్కులు వచ్చాయో చెబుతుంది గాని, మిగిలినవి ఎందుకు రాలేదో చెప్పదు. ఆ కారణాన్ని తొందరగా, నిజాయితీగా తెలుసుకున్న విద్యార్థే నిలదొక్కుకుంటాడని నా నమ్మకం. కింద చెప్పిన పనులన్నీ ఆ నమ్మకం మీద ఆధారపడినవే.

ఫలితం వచ్చిన రోజు

ఆ రోజు కలిగే దుఃఖం సహజమైనది. దానిని బలవంతంగా ఆపుకోనక్కరలేదు. ఆ రోజు చదువు గురించి గాని, భవిష్యత్తు గురించి గాని ఏ నిర్ణయమూ తీసుకోకండి. "ఇక చదవను, పనిలో చేరతాను" అన్న మాటైనా, "ఈ గ్రూపు నాకొద్దు" అన్న మాటైనా, నాలుగు రోజులాగిన తరువాత కూడా నిజమనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. వేళకు భోజనం చేయడం, రాత్రి నిద్రపోవడం, ఒంటరిగా గదిలో తలుపు వేసుకోకుండా ఇంట్లోవాళ్ల మధ్య ఉండడం, ఆ రోజుకు ఇవి చాలు.

ఇంట్లో విషయం మీరే చెప్పండి. పక్కింటివాళ్ల ద్వారానో, బడి నుంచి వచ్చిన ఫోను ద్వారానో తెలిస్తే తల్లిదండ్రులకు ఫలితం వల్ల కలిగే బాధకు, దాచారన్న బాధ తోడవుతుంది. చెప్పేటప్పుడు సంజాయిషీలు వద్దు. "నాన్నా, లెక్కల్లో తప్పాను. సప్లిమెంటరీ రాస్తాను. ఫీజు ఎప్పటిలోగా కట్టాలో రేపు బడికి వెళ్లి కనుక్కుందాం, నువ్వు కూడా రా" అని చెబితే, ఆ క్షణంలో తండ్రికి కోపం వచ్చినా, చేయవలసిన పని ఒకటి ఎదురుగా కనిపిస్తుంది. కోపం చల్లారిన తరువాత ఆయనకు గుర్తుండేది ఆ పనే.

ఫోను రెండు రోజుల పాటు పక్కన పెట్టడం మేలు. తోటివారి స్టేటస్‌లు, ప్రైవేటు బడుల ముందు వెలిసే ర్యాంకర్ల ఫ్లెక్సీల ఫోటోలు, "నీకెన్ని?" అన్న సందేశాలు ఆ రోజుల్లో ఏ విధంగానూ ఉపయోగపడవు. బంధువుల ఫోన్లకు జవాబు చెప్పే బాధ్యత తల్లిదండ్రులు తీసుకోవాలి. "వాడికి లెక్కల్లో పోయింది, మళ్లీ రాస్తున్నాడు" అని ఒక్క మాటలో చెప్పి సంభాషణను మరో విషయానికి మళ్లించగల తల్లి, ఆ పిల్లవాడికి ఎంత మేలు చేస్తున్నదో ఆమెకు అప్పుడు తెలియకపోవచ్చు. పిల్లవాడి ఎదుట ఫోను స్పీకరులో పెట్టి పెదనాన్నకో, మేనమామకో అతని మార్కులను వివరించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. మన రెండు రాష్ట్రాలలోనూ ఫలితాల వేళ పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు దాదాపు ప్రతి ఏడాదీ చదువుతున్నాం. బిడ్డ తిండి మానేసినా, రాత్రంతా మేలుకొని ఉన్నా, తనకిష్టమైన వస్తువులను ఇతరులకు ఇచ్చివేస్తున్నా, "నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు" వంటి మాట అన్నా, దానిని బెదిరింపుగానో నాటకంగానో తీసుకోకండి. పక్కన కూర్చొని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా, నాన్నా?" అని సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం సరైనది కాదు. అడగడం వల్ల లోపల ఉన్నది బయటకు వస్తుంది. ఆ సమయంలో బిడ్డను ఒంటరిగా వదలవద్దు, పురుగుమందులు, మాత్రలు అందుబాటులో ఉంచవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రోజులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయం కోసం 1098 కూడా ఉన్నది. విద్యార్థి స్వయంగా చేసినా, తల్లిదండ్రులు చేసినా వారు వింటారు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే ఫోనుతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గడువులు ముందు, చదువు తరువాత

మర్నాడో, ఆ తరువాతి రోజో బడికి వెళ్లండి. సప్లిమెంటరీ ఫీజును ప్రధానోపాధ్యాయుల ద్వారానే చెల్లించాలి కనుక మొహం చాటేసినకొద్దీ నష్టం మీకే. ఆలస్య రుసుము లేకుండా ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు సాధారణంగా ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ముగిసిపోతుంది. ఆ ఏడాది ప్రకటనలో ఉన్న తేదీని కాగితం మీద రాసుకొని ఇంట్లో గోడకు అతికించుకోండి.

మార్కుల మీద అనుమానం ఉన్నవారికి రెండు దారులు ఉన్నాయి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల కూడికను మళ్లీ సరిచూడడం. రీవెరిఫికేషన్ అంటే కూడికతో పాటు, దిద్దకుండా వదిలేసిన జవాబులు ఏమైనా ఉన్నాయా, లోపలి మార్కులు పై పేజీలోకి సరిగా ఎక్కాయా అని చూసి, సమాధాన పత్రం నకలును విద్యార్థికి ఇవ్వడం. ఇటీవలి సంవత్సరాలలో పదో తరగతికి ఒక్కో సబ్జెక్టుకు రీకౌంటింగ్ రుసుము 500 రూపాయలు, రీవెరిఫికేషన్ రుసుము 1000 రూపాయలుగా ఉంటూ వచ్చింది. రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తే రీకౌంటింగ్‌కు వేరుగా చేయనవసరం లేదు. అయితే ఈ రెండింటిలోనూ జవాబు నాణ్యతను కొత్తగా అంచనా కట్టి మార్కులు పెంచడం ఉండదు. "నా జవాబుకు నాలుగు వేయాల్సింది, రెండే వేశారు" అన్న ఫిర్యాదుకు ఇక్కడ చోటు లేదు.

ఎవరు దరఖాస్తు చేయాలి? పొరపాట్లు జరుగుతాయన్నది నిజమే. 2019లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో తెలుగులో సున్నా వచ్చిందని చూపిన ఒక విద్యార్థిని పత్రాన్ని మళ్లీ చూస్తే 99 మార్కులు ఉన్నట్టు తేలింది. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి రీవెరిఫికేషన్‌లో వేల పత్రాల మార్కులు మారాయి. కాబట్టి ఎప్పుడూ బాగా రాసే సబ్జెక్టులో నమ్మలేనంత తక్కువ వచ్చినా, 33, 34 దగ్గర ఆగిపోయినా దరఖాస్తు చేయడం సబబే. బడిలో జరిగిన ప్రీ ఫైనల్ పరీక్షలలోనూ 20 దాటని సబ్జెక్టులో 22 వచ్చిందని వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టడం, కూలి డబ్బుతో నడిచే కుటుంబానికి, నా దృష్టిలో, అనవసరమైన భారం.

దరఖాస్తు చేసినవారు అందరూ గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. రీవెరిఫికేషన్ ఫలితం వచ్చేదాకా సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా ఆగకండి, చదువు కూడా ఆపకండి. ఆ ఫలితం వచ్చేసరికి ఫీజు గడువు దాటిపోవచ్చు, పరీక్షే దగ్గరకు వచ్చి ఉండవచ్చు. మార్కులు మారి ఉత్తీర్ణులైతే సప్లిమెంటరీ మానేయవచ్చు, పోయేది కొద్దిపాటి రుసుమే.

ఎక్కడ పోయింది?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన దశ. చాలామంది దాటవేసేది కూడా దీన్నే. తప్పిన విద్యార్థికి మనవాళ్లు ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: "ఇంకా కష్టపడు." దేని మీద కష్టపడాలో చెప్పని ఆ సలహా వల్ల పిల్లవాడు పాఠ్యపుస్తకం మొదటి పేజీ తెరిచి, మొదటి రెండు పాఠాలు మళ్లీ చదివి, అలసిపోయి, మూడో పాఠం దగ్గర ఆగిపోతాడు. మార్చిలోనూ జరిగింది అదే కావచ్చు.

సమాధాన పత్రం నకలు చేతికి వస్తే మంచిది. రాకపోతే, ప్రశ్నపత్రాన్ని ఎదురుగా పెట్టుకొని, పుస్తకం చూడకుండా, పరీక్షకు పట్టేంత సమయంలోనే మళ్లీ రాయండి. రాసినదాన్ని సబ్జెక్టు ఉపాధ్యాయునితో దిద్దించుకోండి. ఆయన వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లి ఉంటే, ఇంటర్ చదివే అక్కతోనో అన్నతోనో దిద్దించుకోవచ్చు. ఆ తరువాత ప్రతి ప్రశ్న పక్కనా ఒక చిన్న గుర్తు పెట్టండి. అసలు తెలియనిదా, తెలిసినా గుర్తుకు రానిదా, గుర్తున్నా సమయం చాలక వదిలేసినదా, రాసినా మధ్యలో పొరపాటు చేసినదా? ఈ నాలుగింటికీ మందు వేరువేరు. తెలియనిదానికి ఎవరైనా కూర్చొని చెప్పాలి. గుర్తుకు రానిదానికి చూడకుండా రాసే సాధన కావాలి. సమయం చాలనివారు గడియారం పెట్టుకొని రాయాలి. పొరపాట్లు చేసేవారు తమ పొరపాట్లను ఒక పుస్తకంలో రాసి పెట్టుకొని రోజూ చూసుకోవాలి.

గణితంలో ఒక ఉదాహరణ చెబుతాను. సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతం కనుక్కొమ్మన్న లెక్కలో చాలామంది పిల్లలు సూత్రం తప్పు లేకుండా రాస్తారు, గుణకారాలూ సరిగానే చేస్తారు, జవాబు మాత్రం తప్పుతుంది. కారణం, సంచిత పౌనఃపున్యం చూసి మధ్యగత తరగతిని ఎంచుకోవలసిన చోట, ఎక్కువ పౌనఃపున్యం ఉన్న తరగతిని ఎంచుకోవడం. అది బాహుళకానికి చేయవలసిన పని. ఆ పిల్లవాడికి ఆ పాఠం రాదని అనుకుంటే పొరపాటు. అతనికి రానిది ఒక్క మెట్టు. పది నిమిషాలలో సరిదిద్దగల ఆ మెట్టును గుర్తించకపోతే, అతను ఆ పాఠం మొత్తాన్ని మళ్లీ మూడు రోజులు చదివి, మళ్లీ అదే మెట్టు దగ్గర జారిపోతాడు.

మరొక కారణం గురించి బడులలో తగినంతగా మాట్లాడుకోవడం లేదు. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిష్ మాధ్యమానికి మారిన పిల్లలలో కొందరికి విషయం అర్థమై ఉంటుంది, ప్రశ్న అర్థం కాదు. లేదా జవాబు తెలిసి ఉంటుంది, వాక్యం కుదరదు. భౌతిక, సాంఘిక శాస్త్రాలలో ఈ ఇబ్బంది ఎక్కువ. అటువంటివారు ఒక పాఠాన్ని ముందు తెలుగులో చదివి అర్థం చేసుకొని, పుస్తకం మూసి, ఆ పాఠంలోని ముఖ్యమైన ఇంగ్లిష్ మాటలు పదిహేనో ఇరవయ్యో రాసుకొని, ఆ మాటలతో చిన్న చిన్న వాక్యాలలో జవాబు రాయడం సాధన చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి కనుక ఇందుకు వేరే గైడు కొననక్కరలేదు. "పూర్తిగా ఇంగ్లిష్‌లోనే చదువు" అని ఈ దశలో బలవంతపెట్టడం వల్ల ఆ పిల్లవాడు జవాబులను అర్థం లేకుండా బట్టీ పడతాడు తప్ప మరే ప్రయోజనమూ ఉండదు.

జ్వరంతో రాసినవారు, ఇంట్లో చావు సంభవించిన వారంలో రాసినవారు, పొలం పనులకో దుకాణానికో వెళుతూ చదివినవారు ఉంటారు. అది కారణమే, సాకు కాదు. ఆ కారణం ఇప్పుడూ ఉన్నదా లేదా చూడండి. పని చేస్తూ చదివిన పిల్లవాడికి ఈ నెల రోజులు ఆ పని నుంచి విడుదల ఇవ్వగలిగితే, ఏ ట్యూషనూ చేయలేని మేలు అది చేస్తుంది.

ఉన్న రోజులలో ఎలా చదవాలి

గణితాన్నే తీసుకుందాం, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా భయపడేది దానికే. ఇటీవలి ఆంధ్రప్రదేశ్ పదో తరగతి గణిత ప్రశ్నపత్రంలో ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కుల ప్రశ్నలు 8, నాలుగు మార్కుల ప్రశ్నలు 8, ఎనిమిది మార్కుల ప్రశ్నలు 5 ఉంటున్నాయి. మొత్తం 100. ఉత్తీర్ణతకు 35 కావాలి. ఒక మార్కు ప్రశ్నలలో 8, రెండు మార్కుల ప్రశ్నలలో 5, నాలుగు మార్కుల ప్రశ్నలలో 4, ఎనిమిది మార్కుల ప్రశ్న ఒక్కటి సరిగా రాసిన విద్యార్థికి 8, 10, 16, 8 కలిపి 42 వస్తాయి. పత్రంలో సగానికి పైగా వదిలేసినా గట్టెక్కవచ్చని ఈ లెక్క చూపిస్తుంది. ఎదురుగా ఉన్నది కొండ కాదని అంకెలతో తెలిసినప్పుడు పిల్లవాడికి కలిగే ధైర్యం, ఎంత ఓదార్చినా కలగదు.

ఆ 42 ఎక్కడి నుంచి వస్తాయో కూడా ముందే నిర్ణయించుకోవాలి. శ్రేఢులు, నిరూపక జ్యామితి, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, వర్గ సమీకరణాలు, ఈ పాఠాలలో సూత్రాలు తక్కువ, లెక్కల రకాలు కూడా పరిమితం. ఎనిమిది మార్కుల కోసం గ్రాఫు లెక్కను ఎంచుకోవడం నా సలహా. బహుపది శూన్యాలను గాని, రెండు రేఖీయ సమీకరణాల సాధనను గాని గ్రాఫు ద్వారా కనుక్కొమ్మన్న లెక్కకు పట్టిక వేయడం, బిందువులు గుర్తించడం, రేఖను గాని వక్రాన్ని గాని గీయడం అన్న క్రమం ఎప్పుడూ ఒకటే. నాలుగైదు సార్లు గ్రాఫు కాగితం మీద చేస్తే చెయ్యి తిరుగుతుంది. త్రికోణమితి నిరూపణలను, సరూప త్రిభుజాల సిద్ధాంతాలను పై పాఠాలు బాగా వచ్చిన తరువాత చూసుకోవచ్చు. ఉత్తీర్ణతే లక్ష్యమైన పిల్లవాడు వాటి దగ్గర వారం గడపడం నాకు సమ్మతం కాదు. తెలంగాణ విద్యార్థులు తమ ప్రశ్నపత్రంలోని బిట్ పేపరును ఇదే విధంగా మొదటి మెట్టుగా పెట్టుకోవాలి. ఏ సబ్జెక్టైనా, గత రెండు మూడేళ్ల పత్రాలను ముందు పెట్టుకొని ఇటువంటి లెక్క ఒకటి వేసుకున్న తరువాతనే పుస్తకం తెరవాలి.

చదివే తీరు కూడా మారాలి. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదవడం మన పిల్లలకు అలవాటు. అలా చదివినప్పుడు అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, పరీక్ష హాలులో మాత్రం గుర్తుకు రాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని పదేపదే చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా ఉన్నారు గాని, వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివిన తరువాత పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారే ఎక్కువ గుర్తుంచుకున్నారు. కాబట్టి ఒక గంట చదువులో సగం సమయం పుస్తకం మూసి రాయడానికి కేటాయించండి. రాసినదాన్ని పుస్తకంతో పోల్చుకొని, తప్పిపోయిన మాటలను ఎర్ర ఇంకుతో చేర్చండి. అదే జవాబును రెండు రోజుల తరువాత, మళ్లీ వారం తరువాత రాయండి. మొదటి రెండు రోజులు ఇది చాలా కష్టంగా, ఏమీ రానట్టుగా అనిపిస్తుంది. ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది కనుక మధ్యలో మానేయవద్దు.

మే నెల ఎండలలో మధ్యాహ్నం పూట రేకుల ఇంట్లో కూర్చొని చదవడం సాధ్యమయ్యే పని కాదు. తెల్లవారుజామున ఒక విడత, సాయంత్రం ఒక విడత పెట్టుకోండి. వారానికి రెండు రోజులైనా పరీక్ష జరిగే వేళకే, అంటే ఉదయం తొమ్మిదిన్నర నుంచి, పూర్తి ప్రశ్నపత్రం గడియారం పెట్టుకొని రాయండి. పలు ప్రభుత్వ పాఠశాలలలో సప్లిమెంటరీ రాసే పిల్లల కోసం వేసవిలో ప్రత్యేక తరగతులు నడుపుతారు. మీ బడిలో ఉన్నాయేమో అడగండి, లేకపోతే మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో అడగండి. అదే సబ్జెక్టు తప్పిన స్నేహితుడు ఒకడు తోడుంటే ఇద్దరూ ఒకరి జవాబులు ఒకరు దిద్దుకోవచ్చు.

పరీక్ష హాలులో ఖాళీ వదలకండి. సైన్సులో బొమ్మకూ, దాని భాగాలకు పేర్లు రాసినందుకూ, సాంఘికంలో పటం గుర్తించినందుకూ మార్కులు ఉంటాయి. లెక్కలో చివరి జవాబు రాకపోయినా సూత్రానికి, సరైన మెట్లకు మార్కులు పడతాయి.

ఉత్తీర్ణులైనా మార్కులు తగ్గినవారికి

550 ఆశించిన చోట 470 వచ్చినవారి బాధను తేలికగా చూడడం సరికాదు. ముందుగా, ఆ మార్కులు ఎక్కడ లెక్కలోకి వస్తాయో తెలుసుకోండి. ట్రిపుల్ ఐటీలుగా మనం పిలిచే ఆర్జీయూకేటీ ప్రాంగణాలలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలోనూ తెలంగాణలో బాసరలోనూ, ప్రవేశం పదో తరగతి ప్రతిభ ఆధారంగానే ఉంటుంది. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ నియామకాలకూ ఆ మార్కులనే చూస్తారు. ఈ రెండింటిలో అవకాశం తగ్గిందన్నది నిజం. పాలిటెక్నిక్‌లో ప్రవేశానికి పాలిసెట్ అనే పరీక్ష, ఏపీఆర్‌జేసీ వంటి గురుకుల జూనియర్ కళాశాలల ప్రవేశానికి మరో పరీక్ష ఉంటాయి. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసినవారు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలోకి నేరుగా చేరవచ్చు. ఇంటర్ తరువాత ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశానికి రాసే ఈఏపీసెట్ ర్యాంకుకు పదో తరగతి మార్కులతో సంబంధం లేదు.

మార్కులు తగ్గిన సబ్జెక్టును చూసి ఇంటర్ గ్రూపును మార్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. గణితం ఇష్టమై, ఒక పత్రం చెడిపోయినవారు మార్చుకోవలసిన పని లేదు. గణితం అన్నేళ్లూ భారంగానే ఉండి, పక్కింటి పిల్లవాడు చేరాడని ఎంపీసీలో చేరబోతున్నవారు మాత్రం ఈ ఫలితాన్ని ఒక మంచి హెచ్చరికగా తీసుకొని, ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవాలి. ఇంటర్ మొదటి సంవత్సరంలో మార్కులు తగ్గితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే వీలుంది, రెండింటిలో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటూ వచ్చింది కనుక అక్కడి విద్యార్థులకు ఇది ఉపయోగకరం. తెలంగాణలో ఆ వెయిటేజీని తొలగించారు.

సప్లిమెంటరీలోనూ కుదరకపోతే

సప్లిమెంటరీలో ఉత్తీర్ణులైనవారు అదే ఏడాది ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐలోనో చేరవచ్చు. మెమో, బదిలీ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకుంటే చేరికల చివరి రోజుల్లో తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

అప్పుడూ తప్పినవారు వచ్చే మార్చిలో తప్పిన సబ్జెక్టులే రాస్తే చాలు, ఉత్తీర్ణత పొందినవాటిని మళ్లీ రాయనక్కరలేదు. ఆ మధ్య కాలమంతా ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం మంచిది కాదు. బడికి దూరమైన పిల్లవాడికి పుస్తకం కూడా దూరమవుతుంది. ఆడపిల్ల విషయంలో ఆ ఖాళీ సమయం పెళ్లి మాటలకు దారి తీయడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ అమ్మాయి చదువు ఆగకుండా చూసే బాధ్యత ఉపాధ్యాయులది కూడా. రెగ్యులర్ బడి ఇక కుదరదనుకున్నవారికి రెండు రాష్ట్రాలలోనూ సార్వత్రిక పాఠశాలలు (ఓపెన్ స్కూళ్లు), జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ అనే సార్వత్రిక విద్యా సంస్థ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో, ఇంతకుముందు గుర్తింపు ఉన్న బోర్డులో ఉత్తీర్ణులైన సబ్జెక్టులలో రెండింటి వరకు మార్కులను బదిలీ చేయించుకొని మిగిలినవి రాయవచ్చు. చేరే ముందు, ఆ అధ్యయన కేంద్రానికి నిజంగా గుర్తింపు ఉన్నదా అని ఆ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి. "రాయకపోయినా పాస్ చేయిస్తాం" అని డబ్బు అడిగే దళారులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, హాల్ టికెట్టు గాని మెమో గాని వారి చేతికి అసలే ఇవ్వకండి.